మంచు తగ్గితే వరద తగ్గుతుందా?

కృష్ణా గోదావరుల దగ్గర పుట్టి పెరిగినవాళ్లకు నది అంటే వాన నీరే. ఎగువన వానలు పడితే మనకు వరద, పడకపోతే ప్రాజెక్టులు అడుగంటుతాయి. హిమాలయ నదుల సంగతి వేరనీ, ఎండాకాలంలో మంచు కరిగి నీళ్లొస్తాయి కాబట్టి అవి జీవనదులనీ బడిలో చదువుకున్నాం. పాఠం అక్కడితో అయిపోయేది. కానీ ఆ మంచు ఎంత పడుతుంది, ఏ ఎత్తున నిలుస్తుంది, ఏ నెలలో కరుగుతుంది అన్నదాని మీదే ఆ నదుల వెంట బతికే కోట్ల మంది పంటలూ ప్రాణాలూ ఆధారపడి ఉన్నాయి. భూమి వేడెక్కేకొద్దీ ఈ మూడూ మారుతున్నాయి.

కాఠ్మాండూ కేంద్రంగా హిందూకుష్ హిమాలయ దేశాల కోసం పనిచేసే ఐసీమోడ్ సంస్థ ఏటా మంచు నివేదిక ఇస్తుంది. 2025 నివేదిక ప్రకారం ఆ శీతాకాలంలో నేల మీద మంచు నిలిచి ఉన్న కాలం మామూలు కన్నా 23.6 శాతం తక్కువ. అప్పటికి ఉన్న 23 ఏళ్ల లెక్కల్లో ఇంత తక్కువ ఎన్నడూ లేదు. అంతకు ముందు ఏడాది కూడా 18.5 శాతం లోటే. అయినా అవే కొండల్లో వరద వార్త లేకుండా ఒక్క వానాకాలమైనా గడవడం లేదు. మంచు తగ్గుతుంటే వరదలు కూడా తగ్గాలి కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

గత రెండు మూడు దశాబ్దాల్లో పరిశోధకులు కనుక్కున్నవన్నీ ఒకచోట పెట్టి చూస్తే దీనికి ఒక్క జవాబు దొరకదు. కొన్నిచోట్ల వరదలు నిజంగానే తగ్గాయి. కొన్నిచోట్ల మునుపు ఎరగని కాలంలో, ఎరగని ఎత్తులో వరద పుడుతోంది. జలాశయాల నిబంధనలు, రోడ్లు, యాత్రల తేదీలు మాత్రం ఇంకా పాత క్యాలెండర్ ప్రకారమే నడుస్తున్నాయి. ఈ పొంతన లేకపోవడమే అసలు ప్రమాదమని నా అభిప్రాయం.

ముందు మంచును కొలిచే పద్ధతి చెప్పుకోవాలి. కొండ మీద మంచు ఎంత మందాన పడిందన్నది చాలదు, అందులో నీరెంతో తెలియాలి. కొత్తగా పడిన మంచు పది సెంటీమీటర్లు కరిగితే సుమారు ఒక సెంటీమీటరు నీరొస్తుంది. వసంతం నాటికి అణిగి గట్టిపడ్డ మంచయితే అదే మందానికి నాలుగు సెంటీమీటర్ల వరకు ఇస్తుంది. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో ప్రాచీన సాహిత్యం బోధించే జేమ్స్ చర్చ్ అనే ఆచార్యుడు 20వ శతాబ్దం తొలినాళ్లలో దీనికి ఒక పనిముట్టు తయారు చేశాడు. చివర పళ్లున్న బోలు గొట్టాన్ని నేల తగిలేదాకా మంచులోకి దించుతారు, లోపలి మంచుతో సహా పైకి లాగి తూస్తారు. బరువును బట్టి నీటి లెక్క తేలుతుంది. కాలిఫోర్నియాలో జలవనరుల సిబ్బంది ఇప్పటికీ ఆ తరహా గొట్టంతోనే కొండెక్కుతారు.

2015 ఏప్రిల్ 1న సియెరా నెవాడా పర్వతాల్లోని ఫిలిప్స్ స్టేషన్ వద్ద ఆ గొట్టంతో పని పడలేదు. మామూలుగా నడుం లోతు దాటి మంచు ఉండాల్సిన చోట గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఎండు గడ్డి మీద నిలబడి, పట్టణాల నీటి వాడకంలో 25 శాతం కోత ప్రకటించారు. ఆ రోజు రాష్ట్రంలో మంచు నీటి నిల్వ సగటులో 5 శాతం. 2023 ఏప్రిల్‌కు వచ్చేసరికి అదే రాష్ట్రంలో సగటుకు 2.3 రెట్లకు పైగా మంచు పేరుకుంది. ఎప్పుడో ఎండగట్టి పొలాలుగా మార్చిన తులారే సరస్సు ఆ వసంతంలో మళ్లీ నిండి, వేల ఎకరాలను ముంచింది. అయితే రెండు విడి సంవత్సరాలను బట్టి ధోరణి చెప్పకూడదు. 2018లో ఫిలిప్ మోట్ బృందం పశ్చిమ అమెరికా అంతటి కొలతలూ తిరగేస్తే, 90 శాతానికి పైగా కేంద్రాల్లో మంచు తగ్గుతున్నట్టు తేలింది. 20వ శతాబ్దం మధ్య నుంచి ఏప్రిల్ 1 నాటి నిల్వ 15 నుంచి 30 శాతం పడిపోయింది. అంటే అమెరికాలోకెల్లా పెద్ద జలాశయం లేక్ మీడ్‌లో పట్టేంత నీరు. మన లెక్కలో దాదాపు మూడున్నర నాగార్జున సాగర్లు.

ఈ తగ్గుదల అన్నిచోట్లా ఒకే తీరున ఉండదు. డార్ట్‌మత్ కాలేజీకి చెందిన గాట్లీబ్, మాంకిన్ 2024లో ఉత్తరార్ధ గోళం మొత్తాన్ని పరిశీలించి ఒక హద్దు చెప్పారు. శీతాకాలపు సగటు ఉష్ణోగ్రత మైనస్ 8 డిగ్రీల కన్నా చల్లగా ఉండే చోట్ల ఒక డిగ్రీ పెరిగినా మంచుకు పెద్దగా నష్టం లేదు. అంతకన్నా వెచ్చగా ఉండే చోట్ల మాత్రం ప్రతి అదనపు డిగ్రీకీ నష్టం అంతకంతకూ పెరుగుతూ పోతుంది. మంచు నీటి మీద ఆధారపడ్డ జనాభాలో ఎక్కువమంది ఈ వెచ్చని కొండల దిగువనే ఉన్నారు. అందుకే ‘మా దగ్గర ఇంకా మంచు బాగానే పడుతోంది’ అనే చల్లని ప్రాంతాల అనుభవం ధీమాగా పట్టుకోదగ్గది కాదు. వాళ్లు ఇంకా ఆ హద్దు దాటలేదు, అంతే.

ఇక వరద సంగతి. వాన పడి మంచు కరిగింది అని తేలిగ్గా అనేస్తాం గానీ, లెక్క వేసి చూడండి. ఒక గ్రాము మంచు కరగాలంటే 80 క్యాలరీల వేడి కావాలి. పది డిగ్రీల వాన నీరు గ్రాముకు ఇవ్వగలిగింది 10 క్యాలరీలే. అంటే 100 మిల్లీమీటర్ల వాన కురిసినా, ఆ నీటి వెచ్చదనంతో కరిగే మంచు 12, 13 మిల్లీమీటర్ల నీటికి మించదు. అసలు వేడి గాలిలోని తేమతో వస్తుంది. సముద్రం మీది నుంచి వచ్చే వెచ్చని తడిగాలి చల్లని మంచుకు తగిలితే దానిలోని ఆవిరి నీరుగా మారుతుంది. అలా మారిన ప్రతి గ్రాము సుమారు 600 క్యాలరీలు వదులుతుంది. ఏడు గ్రాముల మంచు కరగడానికి అది చాలు. గాలి జోరు పెరిగితే ఈ పని రాత్రీ పగలూ సాగుతుంది. దానికి ఎండతో పని లేదు. వాతావరణం ఒక డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు కాబట్టి ఇలాంటి తుపానుల బలమూ పెరుగుతుంది.

ఎత్తు విషయం ఇంకా ముఖ్యం. కొండ ఎక్కేకొద్దీ కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి ఒక డిగ్రీ వేడెక్కితే వాన మంచుగా మారే గీత దాదాపు 150 మీటర్లు పైకి జరుగుతుంది. వినడానికి చిన్న అంకె. కానీ ఒక లోయ చుట్టూ ఆ 150 మీటర్ల పట్టీ అంతా, నిన్నటిదాకా తుపాను నీటిని మంచుగా పట్టి ఉంచిన నేల, ఇప్పుడు ఆ నీటిని గంటల్లోనే కిందికి వదులుతుంది. కొండ మీది మంచు, ఎవరూ కట్టని జలాశయం లాంటిది. వేడి దాని గేట్లను తప్పుడు నెలలో ఎత్తుతోంది. ఒంబాది బృందం 2023లో నేచర్ పత్రికలో చెప్పిందీ ఇదే: ఉత్తరార్ధ గోళపు ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి డిగ్రీకీ తీవ్రమైన వానలు సుమారు 15 శాతం పెరుగుతాయి. గాలిలో తేమ పెరిగే 7 శాతానికి ఇది రెట్టింపు. మంచుగా పడాల్సింది వానగా పడటం వల్లే ఈ తేడా.

2017 ఫిబ్రవరిలో ఆరవిల్ డ్యామ్ దగ్గర జరిగింది దీనికి మంచి ఉదాహరణ. ఉత్తర కాలిఫోర్నియాలో ఫెదర్ నది మీద 235 మీటర్ల ఎత్తున కట్టిన ఈ డ్యామ్ అమెరికాలోకెల్లా ఎత్తైనది. నిల్వ సామర్థ్యం సుమారు 150 టీఎంసీలు, అంటే సాగర్‌లో సగం. ఆ నెల మొదటి వారంలో వెచ్చని తుపాను వచ్చి ఎత్తైన మంచు మీద కూడా వాన కురిపించింది. జలాశయం నిండుతుండగా 7వ తేదీన ప్రధాన స్పిల్‌వే కాంక్రీటులో పెద్ద గొయ్యి పడింది. డ్యామ్ కట్టిన 1968 నుంచి ఒక్కసారీ వాడని అత్యవసర స్పిల్‌వే మీదుగా నీరు పొర్లింది. దాని కింది మట్టి కోసుకుపోవడంతో 12వ తేదీన 1.88 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ దిగువన శాక్రమెంటో పరిసరాల్లో మన తెలుగు కుటుంబాలు కూడా చాలానే ఉన్నాయి. స్పిల్‌వే నిర్మాణంలో, నిర్వహణలో లోపాలున్నాయని స్వతంత్ర నిపుణుల బృందం తేల్చింది. కాబట్టి నేరమంతా వాతావరణం మీదికి నెట్టడం సరి కాదు. అదే సమయంలో, ఆ తుపానులో కరిగిన మంచు వాన నీటికి మూడో వంతుకు పైగా కలిపిందన్న తర్వాతి పరిశోధనను కూడా పక్కన పెట్టలేం. పాత లోపం కొత్త వాతావరణంలో బయటపడింది.

2022 జూన్‌లో యెలోస్టోన్ జాతీయ పార్కులో మళ్లీ ఇదే కథ. ఆలస్యంగా నిలిచిన మంచు మీద వెచ్చని వాన పడి నది పొంగింది. పార్కు ఉత్తర ద్వారం రోడ్డు ముక్కలైంది, పది వేల మందికి పైగా సందర్శకులను బయటికి పంపారు. మసెల్‌మన్ బృందం 2018లో ముందే చెప్పిన చిత్రం ఇది: మంచు మీద వాన పడే వరదలు తక్కువ ఎత్తుల్లో తగ్గుతాయి, ఎందుకంటే అక్కడ మంచే ఉండదు, ఎత్తైన చోట్ల పెరుగుతాయి, ఎందుకంటే అక్కడ మంచు మిగిలి ఉండగానే వాన మొదలవుతుంది.

అదే మసెల్‌మన్ 2017లో మరో సంగతి చెప్పారు. వేడెక్కిన లోకంలో మంచు నెమ్మదిగా కరుగుతుందట. మొదటిసారి విన్నవాళ్లు నమ్మరు. కారణం మాత్రం తేలికే. పల్చటి మంచు మార్చిలోనే కరగడం మొదలుపెడుతుంది. అప్పటికి ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంటుంది, పగలు చిన్నది. పూర్వం మే, జూన్ ఎండలకు ఉరకలేస్తూ కరిగిన మంచు ఇప్పుడు నెలల తరబడి బొట్టు బొట్టుగా జారి, కొంత నేలలోకి, కొంత గాలిలోకి పోతుంది. అంటే సాంప్రదాయిక వసంత వరద చాలాచోట్ల బలహీనపడుతోంది. ఐరోపా లెక్కలు దీన్ని బలపరుస్తున్నాయి. వియన్నాకు చెందిన బ్లోషల్, ఆయన సహచరులు వేల కేంద్రాల కొలతలు చూసి, ఈశాన్య ఐరోపాలో మంచు వరదలు ముందుకు జరిగాయనీ, తూర్పు ఐరోపాలో వాటి పరిమాణం తగ్గిందనీ చూపించారు. శుభవార్తను శుభవార్తగానే చెప్పాలి. కాకపోతే వసంత వరద తగ్గితే వేసవి నీరూ తగ్గుతుంది.

అతి చల్లని మైదానాల్లో మాత్రం పాతకాలపు మంచు వరద ఇంకా బతికే ఉంది. 2024 ఏప్రిల్‌లో ఉరల్ నది పొంగి రష్యాలో ఓర్‌స్క్ పట్టణపు కట్ట తెగింది. పక్కనే కజకిస్తాన్‌లో లక్ష మందికి పైగా ఇళ్లు వదిలారు. గడ్డకట్టిన నేల నీటిని తాగదు. ఒక్కసారిగా వేడెక్కితే కరిగిన మంచంతా నదికే చేరుతుంది.

హిమాలయాలకు వస్తే, ముందు పడమరను తూర్పును విడదీయాలి. పశ్చిమ హిమాలయాలకు మంచు ప్రధానంగా శీతాకాలంలో, మధ్యధరా వైపు నుంచి వచ్చే పశ్చిమ అలజడుల వల్ల పడుతుంది. తూర్పున రుతుపవనాలదే పైచేయి. భాక్రా వద్ద సట్లెజ్ నీటిలో సుమారు 59 శాతం, అఖ్నూర్ వద్ద చీనాబ్‌లో 49 శాతం, దేవప్రయాగ వద్ద గంగలో 29 శాతం మంచూ హిమానీనదాలూ కరిగిన నీరేనని మన జలశాస్త్రవేత్తల అంచనా. గంగ మైదానంలోకి దిగేకొద్దీ ఆ వాటా తగ్గిపోయి వాన నీరే అంతా అవుతుంది. అందువల్ల ‘హిమానీనదాలు కరిగితే గంగ ఎండిపోతుంది’ అనే మాట అతిశయోక్తి. 2022 పాకిస్తాన్ మహా వరదను హిమానీనదాల మీదికి నెట్టడం కూడా అలాంటిదే. ఆ ఏడాది మే నెలలో షిస్పర్ హిమానీనదపు సరస్సు తెగి కారకోరం రహదారి మీది హసనాబాద్ వంతెన కూలిన మాట నిజం. కానీ సింధ్‌ను, బలూచిస్తాన్‌ను ముంచింది వానే. వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లు ఇలాంటి తేడాలు జాగ్రత్తగా చెప్పకపోతే, రేపు నిజమైన హెచ్చరికనూ జనం నమ్మరు.

2013 జూన్‌ను చూడండి. ఆ ఏడాది రుతుపవనాలు జూన్ 16కే దేశమంతా పరుచుకున్నాయి. అప్పటి లెక్కల ప్రకారం మామూలుగా అది జూలై మధ్యకు గానీ జరగదు. సరిగ్గా అప్పుడే పశ్చిమ అలజడి వచ్చి తోడైంది. కేదార్‌నాథ్ పైన చోరాబారి హిమానీనదం దగ్గర వాడియా హిమాలయ భూగర్భశాస్త్ర సంస్థ పెట్టిన పరికరం 24 గంటల్లో 325 మిల్లీమీటర్ల వాన నమోదు చేసింది. అంత ఎత్తున, జూన్ నెలలో, పై వాలుల మీద శీతాకాలపు మంచు ఇంకా మిగిలి ఉండగా పడిన వాన అది. వానా కరుగు నీరూ కలిసి బయటికి దారి లేని చోరాబారి సరస్సును నింపాయి. 17వ తేదీ ఉదయం దాని మట్టికట్ట తెగింది. ఆ విలయంలో చనిపోయిన, గల్లంతైనవారు ఐదు వేలకు పైనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి చార్‌ధామ్ వెళ్లినవాళ్లు పెద్ద సంఖ్యలో కొండల్లో చిక్కుకుపోయారు. ఇళ్ల దగ్గర ఫోన్ల ముందు కూర్చుని గడిపిన ఆ రోజులు ఎన్నో తెలుగు కుటుంబాలకు ఇంకా గుర్తే. మంచు కరిగే కాలమూ రుతుపవనాల కాలమూ ఒకదాని మీదికి ఒకటి జరిగితే ఏమవుతుందో ఆ రెండు రోజులు చూపించాయి. పైగా వాతావరణ శాస్త్రవేత్త కీరన్ హంట్ 2024లో ఒక విషయం వెల్లడించారు: అంతకు ముందు యాభై ఏళ్లతో పోలిస్తే గత ఇరవై ఏళ్లలో జూన్ నెల పశ్చిమ అలజడులు రెట్టింపయ్యాయి. 2023 జూలైలో హిమాచల్‌లోని బియాస్ లోయను చీల్చిన వానలకూ రుతుపవనాలూ పశ్చిమ అలజడీ కలవడమే కారణం.

హిమానీనద సరస్సుల కథ దీనికి దగ్గరి బంధువే గానీ వేరు. 2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ సరస్సులోకి గడ్డకట్టిన గట్టు జారిపడి, పొంగిన నీటికి 1,200 మెగావాట్ల తీస్తా-3 డ్యామ్ కొట్టుకుపోయింది. 2021 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లోని చమోలీలో వరద తెచ్చింది రాయీ మంచూ కలిసిన కొండచరియ. అక్కడ సరస్సే లేదు. సరస్సుల మీద నిఘా మన హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పని. ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన పది హెక్టార్లు దాటిన 2,431 సరస్సుల్లో 676 సరస్సులు 1984 నుంచి బాగా విస్తరించాయని ఇస్రో 2024లో ప్రకటించింది. వాటిలో 130 భారత్‌లో ఉన్నాయి.

వరద లేని ఏళ్ల కష్టం వేరు. లద్దాఖ్‌లో బార్లీ విత్తే ఏప్రిల్, మే నెలల్లో నీరు కావాలి. హిమానీనదం నీరు జూన్‌కు గానీ దిగదు. ఆ మధ్య కాలాన్ని దాటించేది కింది వాలుల మీది శీతాకాలపు మంచే. అది కరువై, ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ వంటివారు శీతాకాలంలో వాగు నీటిని పైపుతో ఎగజిమ్మి శంకువులా గడ్డకట్టించి, విత్తే వేళకు కరిగేలా చేస్తున్నారు. ఎంతో తెలివైన పని. ఒక ఊరికి సరిపోతుంది, ఒక నదికి సరిపోదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది కొలతల కొరత. పశ్చిమ అమెరికాలో మంచు నీటిని తనంతట తాను తూచి పంపే కేంద్రాలు 900కు పైగా ఉన్నాయి. హిమాలయాల్లో వాతావరణ కేంద్రాలు ఎక్కువగా లోయల్లో, ఊళ్ల దగ్గర ఉన్నాయి. స్పితిలో నాలుగు వేల మీటర్ల పైన 2016లో మొదలైన హిమాంశ్ వంటి కేంద్రాలు బహు కొద్ది. ఉపగ్రహం మంచు ఎంత మేర పరుచుకుందో చెబుతుంది. దాని మందం, అందులోని నీరు మాత్రం నమ్మకంగా చెప్పలేదు. కొండ మీద ఎన్ని టీఎంసీల నీరుందో తెలియకుండానే దిగువన డ్యామ్ గేట్ల నిర్ణయాలు జరుగుతున్నాయి. కాలిఫోర్నియాలోని మెండొసినో జలాశయంలో నియమావళి తేదీలకు బదులు వాతావరణ అంచనాలను బట్టి నీరు వదిలే పద్ధతి పరీక్షించారు. 2020 కరువు ఏడాదిలో దాంతో 19 శాతం ఎక్కువ నీరు మిగిలింది. భాక్రాను మే చివరి నుంచి సెప్టెంబరు దాకా నింపుతారు. మంచు నీరు మామూలుకన్నా ముందే వచ్చేస్తే, వానాకాలపు చివరి వరదకు చోటు మిగల్చడం ఆ క్యాలెండర్‌తో కుదరదు. దాన్ని ఏటా కొలతల మీద తిరగరాయాలి.

హెచ్చరిక లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2014 జూన్ 8న బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థుల మీదికి ఎగువ లార్జీ డ్యామ్ నీరు వచ్చిపడింది. 24 మంది విద్యార్థులు పోయారు. అందులో వాతావరణ మార్పు ప్రమేయం లేదు, గేట్లు ఎత్తేముందు సరైన హెచ్చరిక లేకపోవడమే కారణం. ఇకముందు గేట్లు ఎత్తాల్సిన వేళలు ఇంకా అనూహ్యంగా వస్తాయి కాబట్టి ఆ నిర్లక్ష్యానికి చెల్లించే మూల్యం కూడా పెరుగుతుంది.

చార్‌ధామ్‌కు బయల్దేరేవాళ్లకూ, వాళ్లను తీసుకెళ్లే టూర్ నిర్వాహకులకూ నా విన్నపం ఒకటే. డెహ్రాడూన్ వాతావరణ కేంద్రం బులెటిన్లలో ఫలానా ఎత్తుకు పైన మంచు పడుతుంది అని మీటర్లలో ఒక అంకె ఉంటుంది. బయల్దేరేముందు ఆ అంకె చూడండి. మీరు వెళ్లే క్షేత్రం ఆ గీతకు దిగువన ఉండి, పై కొండల మీద ఇంకా మంచు కనిపిస్తుండగా భారీ వాన హెచ్చరిక వస్తే, నది ఒడ్డు బసలో ఉండకండి. ప్రయాణం రెండు రోజులు వాయిదా వేయండి.